మూడో టేబుల్, మొదటి వరుస

జూన్ 2, సోమవారం

నాకు డైరీ రాసే అలవాటు లేదు. ఇంటి జమాఖర్చులు రాసే అలవాటుంది. కాపురానికి వచ్చిన నెల నుంచి ఒక్క రోజు తప్పలేదు. ఇవాళ కనిపించింది మాత్రం ఏ పద్దులోనూ పట్టదు. చెప్పవలసిన మనిషి ఊళ్ళో లేదు, మిగతావాళ్ళకు చెప్పేది కాదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మా అమ్మాయి పోషకాహార శాస్త్రవేత్త. తిండి లేక బక్కచిక్కిన పసిపిల్లలకు ఏ పాలు, ఎంత చిక్కగా, ఎన్నాళ్ళు పట్టాలన్నది దాని చదువు. ఇరవై రెండేళ్ళుగా ఒకే సంస్థలో ఉంది. ఆ సంస్థకు కొత్త డైరెక్టర్ కావాలి. ఇంతకుముందు రెండుసార్లు దీన్ని పక్కనబెట్టి వేరేవాళ్ళకిచ్చారు. ఈసారి ఇరవై నాలుగో తేదీన కమిటీ కూర్చుంటుంది.

కమిటీకి ఇవ్వాల్సిన ఫైల్ నన్ను తయారుచేయమంది. నేను కాలేజీలో ముప్పై ఏళ్ళు స్టాటిస్టిక్స్ చెప్పాను. ఆఫీసులో ఎవరికిచ్చినా అంకెలు తారుమారు చేస్తారు, నువ్వయితే కామా కూడా వదలవు అంది. అది ఎన్ని పేపర్లు రాసింది, వాటిని ఎవరెవరు తమ పేపర్లలో ఎన్నిసార్లు ఉదహరించారు అన్నది లెక్క. సైటేషన్లంటారు. శాస్త్రవేత్తను తూచే తూకంరాయి ఇప్పుడు అదేనట. అమ్మాయికి మొత్తం మూడు వేల నూట నలభై. అందులో పదకొండు వందల పైచిలుకు ఒక్క పేపరుకే వచ్చాయి. తొమ్మిదేళ్ళ కిందటి పేపర్. దాని పేరు చెబితే ఈ రంగంలో అందరికీ మా అమ్మాయి గుర్తొస్తుంది.

అమ్మాయికి కావాల్సింది మొత్తం అంకె. నేను ఉదహరించినవాళ్ళ పేపర్లు ఒక్కొక్కటీ తెరిచి చదువుతున్నాను. మనవరాలు నవ్వింది. ఎవరూ చదవరు అమ్మమ్మా, లెక్కపెడతారంతే అంది. చదవకుండా లెక్కపెట్టడం నాకు చేతకాదన్నాను.

ఇవాళ మధ్యాహ్నం ఒక చిన్న పేపర్ తగిలింది. పేరున్న జర్నల్ కాదు, రాసింది ఎవరో విద్యార్థి. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో అమ్మాయి పేపర్ గురించి ఒక మాట: మూడో టేబుల్‌లో మొదటి వరుస తిరగబడినట్టుంది, మేము సరిచేసి వాడుకున్నాము.

ఆ పేపరుకు సైటేషన్లు సున్నా.

జూన్ 3

మూడో టేబుల్ తీసి చూశాను. పేపర్ మొత్తం రెండుసార్లు చదివాను. విద్యార్థి చెప్పింది నిజం.

విషయం ఇదీ. ఆకలితో ఎండిపోయిన ఒంటికి ఒక్కసారిగా బలమైన ఆహారం పెడితే గుండె తట్టుకోదు. అందుకని మొదటి వారం పలచని పాలు, రెండో వారం నుంచి చిక్కటి పాలు. పేపరంతా అమ్మాయి చెప్పింది ఇదే. టేబుల్‌లో పిల్లల బరువును బట్టి అయిదు వరుసలున్నాయి. నాలుగు వరుసలు సరిగ్గా ఉన్నాయి. మొదటిది, మూడు కిలోల లోపు పిల్లలది, తలకిందులుగా పడింది. అంటే అందరిలోకీ బలహీనమైన పిల్లలకు మొదటి వారమే చిక్కటి పాలు.

అచ్చువాళ్ళ దగ్గర జరిగిన పొరపాటు. ప్రూఫ్‌లో అమ్మాయి చూడలేదు. చదివినవాడికి ఎవడికైనా కనిపించే తప్పే ఇది, కానీ చదవాలి.

తొమ్మిదేళ్ళు జర్నల్‌లో పడి ఉన్నంతకాలం దానివల్ల ఎవరికీ ఏమీ కాలేదు. జర్నల్ చూసి పాలు పట్టే తల్లి ఉండదు. కానీ పోయిన ఏడు సంస్థవాళ్ళు ఒక కొత్త షరతు పెట్టారు. సైటేషన్లు ఉంటే చాలదు, పరిశోధన ప్రభావం బయట కనిపించాలి అన్నారు. దాంతో అమ్మాయి విభాగం మూడో టేబుల్‌ను పెద్ద గోడచార్టుగా వేయించి నలభై మూడు పోషణ కేంద్రాలకు పంపింది.

ఒక కాపీ అమ్మాయి చదువుకునే గదిలోనే ఉంది. వెళ్ళి చూశాను. కొలత చెంచాల బొమ్మలు, పాల గ్లాసు బొమ్మ. మొదటి వరుస అందరికంటే పైన, ఎర్ర రంగులో. తలకిందులుగానే ఉంది.

ఎనిమిది నెలల నుంచి నలభై మూడు గోడల మీద ఉంది.

జూన్ 5

అమ్మాయి కాన్ఫరెన్స్ నుంచి వచ్చింది. ఇల్లు చేరిన మనిషి మీద పడకూడదు కదా, స్నానం చేసి కాఫీ తాగేదాకా ఆగాను. తర్వాత ఆ పేజీ ముందు పెట్టాను.

అది పేజీ చూడలేదు. నన్ను చూసింది. అప్పుడే అర్థమైంది, దానికి ముందే తెలుసని.

ఆ విద్యార్థి రెండేళ్ళ కిందట మెయిల్ రాశాడట. థాంక్స్, చూస్తాను అని జవాబిచ్చిందట. చూద్దాం చూద్దాం అనుకుంటూ మరిచిపోయిందట. చార్టు వేసినవాడు నేరుగా అచ్చులో ఉన్న టేబుల్ ఎత్తి వేశాడు. అచ్చయి వచ్చాక నువ్వు చూశావా అని అడిగాను. ఖాళీ కాఫీ కప్పు మళ్ళీ నోటి దగ్గర పెట్టుకుంది. ఆ తప్పించుకోవడం నాకు దాని ఆరో ఏటి నుంచి తెలుసు.

తర్వాత మాటలు బాగానే వచ్చాయి. కేంద్రాల్లో డాక్టర్లుంటారు, గోడ చూసి ఎవరూ పాలు పట్టరు అంది. సరే, ఇవాళే జర్నల్‌కు రాయి, కేంద్రాలకు రాయి, రెండు వాక్యాల పని అన్నాను. అప్పుడు రూల్ చెప్పింది. దిద్దుబాటులో ఉన్న పేపర్‌ను కమిటీ లెక్కలోకి తీసుకోదు. ఆ పేపర్ పక్కకు పోతే సైటేషన్లు రెండు వేలకు దిగుతాయి. డైరెక్టర్ పదవికి కనీసం రెండున్నర వేలుండాలి. మూడోసారి కూడా చేజారితే ఇక వయసు దాటిపోతుంది.

“పంతొమ్మిది రోజులమ్మా. ఇరవై అయిదో తేదీ పొద్దున్నే నేనే రాస్తాను. డైరెక్టర్ హోదాలో రాస్తే అందరూ వింటారు కూడా.”

ఆ చివరి మాటలో బరువుంది. పైగా అది ఆ టేబుల్ కోసం నాలుగేళ్ళు వార్డుల్లో నిలబడడం నేను కళ్ళారా చూశాను. కాళ్ళు వాచి ఇంటికొచ్చేది. రెండుసార్లు దాన్ని దాటిపోయినవాళ్ళు అందులో సగం పని చేసినవాళ్ళు కారు.

సరే అన్నాను.

జూన్ 6

సరే అన్నాను.

జూన్ 9

ఫైల్ పని మళ్ళీ మొదలుపెట్టాను. చేతులు ఊరికే ఉంటే మనసు ఊరుకోదు.

అల్లుడు సరదా మనిషి. ఏం జరుగుతోందో తెలియదు కాబట్టి ఇంకా సరదాగా ఉన్నాడు. మా ఆవిడ డైరెక్టరైతే అత్తయ్యగారూ, ఈ ఇంట్లో మీరూ నేనూ కాంట్రాక్టు ఉద్యోగులమే అన్నాడు. మనవరాలు పొద్దున్నే ఫోన్ చూసి అమ్మ రేటు ఇవాళ రెండు పెరిగింది అని అరిచింది. నీకెన్ని సైటేషన్లు అమ్మమ్మా అని అడిగి, తనే జవాబు చెప్పింది: ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా అమ్మమ్మనడుగు అంటాం కదా, నువ్వే నంబర్ వన్.

నవ్వాను.

ఒక విషయం గమనించాను. అమ్మాయి పేపర్‌ను మొదట ఉదహరించినవాళ్ళలో ఒకరు పేజీ నంబరు తప్పు వేశారు. 214 బదులు 241. ఆ జర్నల్‌లో 241వ పేజీ మీద కందిరీగల గురించి ఇంకెవరి వ్యాసమో ఉంది. తర్వాత వచ్చినవాళ్ళలో తొంభై ఆరుగురు అదే 241 వేశారు. ఒకడు దూకితే అందరూ దూకారు, గొర్రెదాటు. పదకొండు వందల మందిలో అసలు పేపర్ తెరిచినవాళ్ళు ఎందరో చెప్పలేను. జాగ్రత్తగా చదివింది ఒక్కడు. వాడిని ఎవరూ చదవలేదు.

సాయంత్రం ఉండబట్టలేక అన్నిటికంటే దగ్గరున్న పోషణ కేంద్రానికి ఫోన్ చేశాను. సంస్థ నుంచి అని చెప్పాను. చార్టు ఉపయోగపడుతోందా అని అడిగాను. నర్సు ఎంత మర్యాదగా మాట్లాడిందో. అంతకుముందు ఎవరికి తోచినట్టు వాళ్ళు కలిపేవాళ్ళట, చార్టు వచ్చాక చెంచా ఎక్కువా లేదు, తక్కువా లేదట.

“అక్షరం తప్పకుండా దాని ప్రకారమే పడుతున్నామమ్మగారూ.”

జూన్ 11, సాయంత్రం

బస్సెక్కి వెళ్ళాను. గంటన్నర ప్రయాణం. ఇంట్లో కంటి పరీక్షకని చెప్పాను.

పొడుగాటి గది, ఎనిమిది మంచాలు. కిటికీ అద్దాలకు సగం దాకా తెల్లరంగు పూశారు. బరువు తూచే కాటా కొక్కేనికి గుడ్డ ఊయల. తలుపుకు ఎదురుగా గోడ మీద చార్టు, నాలుగు మూలలా టేపు అంటించి, మీద దుమ్ము లేకుండా తుడిచి ఉంది. నర్సు నలభై ఏళ్ళ మనిషి. డాక్టరు శనివారం శనివారం వస్తాడట. మిగతా ఆరు రోజులూ నేనూ ఈ చార్టూ చూసుకుంటాం అని నవ్వింది.

నాలుగో మంచం మీద మగపిల్లవాడు. చేరి నాలుగు రోజులైంది. చేరినప్పుడు రెండు కిలోల ఆరు వందలు, ఇవాళ రెండు కిలోల ఎనిమిది వందలు. మంచం పక్కన నా ఈడు మనిషి, వాడి నాయనమ్మ. తల్లి పనిలోకి పోయిందట. ఇంట్లో నీళ్ళపాలే పట్టామమ్మా, ఇక్కడికొచ్చాక కదా వాడు చిక్కటి పాలు ఎరిగింది, చూడండి ఎలా నిండుతున్నాడో అని ఆమె వాడి పాదం ఎత్తి చూపించింది.

నేను బొటనవేలితో పాదం మీద నొక్కాను. గుంట పడింది. వేలు తీశాక కూడా గుంట అలాగే ఉంది.

ఆమె ఆ గుంట చూసింది, తర్వాత నా ముఖం చూసింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

నర్సును బయటికి పిలిచి టేబుల్ చూపించాను. పై వరుసకూ కింది నాలుగు వరుసలకూ ఉన్న తేడా చూపించాను. తెలివైన మనిషి, వెంటనే పట్టుకుంది. కాళ్ళకు నీరు రావడం చూశానండీ, కానీ బరువు పెరుగుతోంది కదా అనుకున్నాను అంది. తర్వాత చెప్పింది. పోయిన నెల రెండో మంచం మీద ఒక ఆడపిల్ల. రోజురోజుకూ బరువు బాగా వచ్చింది. ఆరో రోజు ఊపిరాడక పోయింది. ఏమై ఉంటుందా అని డాక్టరూ ఆమే చాలా అనుకున్నారట.

ఇప్పుడే పాలు మార్చమన్నాను. నా చేతులు కట్టేసి ఉన్నాయి అంది. సంస్థ పంపిన చార్టును కాదని తన ఇష్టానికి పాలు మార్చి, పిల్లలకేమైనా అయితే పోయేది తన ఉద్యోగం ఒక్కటే కాదు. శనివారం డాక్టరొస్తే ఆయన కూడా చార్టే చూస్తాడు.

“సంతకమున్న కాగితం ఒక్కటి తెండి అమ్మగారూ. ఆ క్షణమే మారుస్తాను.”

ఇంకొకటి రాయాలి. కేంద్రాలన్నీ పిల్లల బరువులు నెలనెలా సంస్థకు పంపుతాయి. చార్టు పెట్టాక మొదటి వారంలో బరువు ఎంత పెరిగిందో చూపే గ్రాఫ్ అమ్మాయి ఫైల్‌లో ఉంది. పరిశోధన ప్రభావం అన్న శీర్షిక కింద. ఆ పేజీ పెట్టింది నేనే. గీత అందంగా పైకి పోతుంది.

అది నీరు.

జూన్ 11, రాత్రి భోజనాలయ్యాక

అమ్మాయికి అంతా చెప్పాను. వార్డు, పాదం, రెండో మంచం.

ముఖం పాలిపోయింది. ఇక పెన్ను అడుగుతుందనుకున్నాను.

“ఒక్క కేసు చూసి ఏ నిర్ణయానికీ రావద్దని క్లాసులో చెప్పేదానివి కదమ్మా? ఆ పాప దీనివల్లే పోయిందని నువ్వెలా అంటావు?”

నిజమే, చెప్పేదాన్ని. నాలుగో మంచం ఇంకా కేసు కాలేదు, కాకముందే రాయమంటున్నాను అన్నాను. లేచి లోపలికి పోయింది. తలుపు వేసిన చప్పుడు కూడా రాలేదు, అంత మెల్లగా వేసింది.

జూన్ 12

అమ్మాయి ఆఫీసుకు వెళ్ళాక దాని బల్ల సొరుగు తీశాను. సంస్థ లెటర్‌హెడ్లు అక్కడే ఉంటాయి. రబ్బరు ముద్ర కూడా.

పరీక్షలో కాపీ కొట్టిన పిల్లను ఏడాదిపాటు డిబార్ చేయించిన మనిషిని నేను. వాళ్ళ నాన్న కాళ్ళు పట్టుకున్నా వినలేదు. ఈ వయసులో దొంగ సంతకం.

ఉత్తరంలో మూడే వాక్యాలు. చార్టులో మొదటి వరుస తారుమారైంది. మొదటి వారం పలచనివి, రెండో వారం చిక్కటివి. వెంటనే మార్చండి. కింద అమ్మాయి సంతకం పెట్టాను. దానికి అక్షరాలు దిద్దించింది నేనే, ఆ మెలికలన్నీ నా చేతికి తెలుసు. మొదటిది పాడైంది. రెండోదానికి వచ్చేసింది. నలభై మూడు.

నలభై రెండు పోస్టులో వేశాను. ఒకటి తీసుకుని మళ్ళీ బస్సెక్కాను.

నర్సు ఉత్తరం రెండుసార్లు చదివింది. తెల్లకాగితం కత్తిరించి చార్టు మొదటి వరుస మీద అంటించి, దాని మీద తన చేత్తో కొత్త వరుస రాసింది. తర్వాతి పాలు పలచనివి కలిపింది. నాలుగో మంచం నాయనమ్మ గ్లాసు వెలుతురుకు పెట్టి చూసింది. మేమేమైనా తప్పు చేశామా, పాలలో నీళ్ళు పోశారేంటి అని నన్నడిగింది. తప్పు మీది కాదన్నాను. మరెవరిదని ఆమె అడగలేదు.

జూన్ 16

నర్సు ఫోన్ చేసింది. పాదాల వాపు తగ్గింది. పిల్లవాడి బరువు రెండున్నర కిలోలకు దిగింది. అంకె తగ్గితే మనసు ఇంత నెమ్మదించడం నా లెక్కల్లో ఎప్పుడూ లేదు.

జూన్ 20

ఏదో ఒక కేంద్రంవాళ్ళు ఉత్తరం అందింది, నిజమేనా అని సంస్థకు ఫోన్ చేశారట. దిగిపోబోతున్న డైరెక్టర్ మా అమ్మాయిని పిలిచి, ఇంకో ఇద్దరి ఎదుట ఉత్తరం బల్ల మీద పెట్టాడట. ఈ సంతకం నీదేనా అన్నాడట.

అమ్మాయి తిన్నగా నా గదిలోకి వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు.

“నాది కాదన్నాను. అబద్ధం కాదుగా?”

కాదన్నాను.

“నీ పేరు చెప్పలేదు. చెప్పి ఉంటే నువ్వీపాటికి ఇంట్లో ఉండేదానివి కాదు. నిన్ను కాపాడానమ్మా, అది గుర్తుపెట్టుకో.”

మరి టేబుల్ సంగతి ఏమన్నారని అడిగాను. టేబుల్ గురించి ఎవరూ అడగలేదట. సంతకం ఒప్పా తప్పా అని ముగ్గురూ కళ్ళజోళ్ళు పెట్టుకుని చూశారట. సంతకం పైన రాసిన మూడు వాక్యాలు ఒప్పా తప్పా అని ఒక్కరూ చూడలేదు.

సాయంత్రానికే సర్క్యులర్ బయల్దేరిందట. దొంగ ఉత్తరం ఒకటి తిరుగుతోంది, నమ్మవద్దు, విచారణ పూర్తయ్యేదాకా పాత చార్టునే పాటించండి అని.

ఆ సర్క్యులర్ వెళ్ళేటప్పుడు నువ్వెక్కడున్నావన్నాను. అదే గదిలో అంది. అప్పుడేడ్చింది. చిన్నప్పుడు ఏడిస్తే ముక్కు తుడిచేదాన్ని. ఇవాళ లేవలేదు.

జూన్ 23

రెండు రోజులు ఫోన్ మీదే ఉన్నాను. కేంద్రాల్లో సగం ఎత్తలేదు. ఎత్తినవాళ్ళు మీరెవరు అన్నారు. సర్క్యులర్ వచ్చిందనీ, ఇలాంటి ఫోన్లు వస్తే నంబర్ రాసుకోమన్నారనీ ఒకాయన చాలా స్పష్టంగా చెప్పాడు. మన నర్సుకు ఇంకా అందలేదట. అందితే మాత్రం నేనేం చెయ్యనమ్మగారూ అంది. ఆ గొంతులో భయముంది. నాలుగో మంచం పిల్లవాడు నిన్న ఇంటికెళ్ళాడట. మిమ్మల్ని అడిగానని చెప్పమంది వాళ్ళ నాయనమ్మ అంది.

ఇవాళ డైరెక్టర్ దగ్గరికి వెళ్ళాను. బయట గదిలో చాలాసేపు కూర్చోబెట్టారు. లోపల టీ ఇచ్చారు. ఆ సంతకం నేను పెట్టాను, టేబుల్ తప్పు, ఇదిగో చూడండి అని కాగితం ఆయన వైపు తిప్పాను.

ఆయన కాగితం తిప్పి మళ్ళీ నా వైపే పెట్టాడు. మర్యాదస్తుడు. అమ్మా, రేపు మీ అమ్మాయి జీవితంలో పెద్ద రోజు అన్నాడు. మీరు ఈ గదిలోకి రాలేదనుకుంటాను, మీరూ అలాగే అనుకోండి అన్నాడు. తొమ్మిదేళ్ళుగా ఉన్న టేబుల్, వారం రోజుల్లో ఏం మునిగిపోతుంది, విచారణ కమిటీ వేస్తాం అన్నాడు. కమిటీలో ఎవరుంటారని అడిగాను. మీ అమ్మాయే ఉంటుంది, ఆమె కంటే తెలిసినవాళ్ళెవరు అన్నాడు.

ఇన్నేళ్ళలో పదకొండు వందల మంది ఆ పేపర్ పేరు చెప్పుకున్నారు. తిలాపాపం తలా పిడికెడు. నా పిడికెడు నాకుంది. జూన్ 5 నుంచి 12 దాకా.

జూన్ 24

అమ్మాయి డైరెక్టరయింది. ఏకగ్రీవంగా.

అల్లుడు కేకు తెచ్చాడు. మనవరాలు అట్టముక్క మీద డైరెక్టర్‌గారు అని రాసి వాళ్ళమ్మ గది తలుపుకు తగిలించింది. అనుమతి లేనిదే లోపలికి రాకూడదు అని కింద చిన్న అక్షరాలు. అందరూ నవ్వారు. అమ్మాయి కూడా నవ్వింది. నా వైపు చూడలేదు.

కేకు కోస్తుండగా నా ఫోన్ మోగింది. నర్సు. సర్క్యులర్ మధ్యాహ్నం అందిందట. పై ఆఫీసు మనిషి ఒకడు వచ్చి, అంటించిన కాగితం తన ఎదుటే పీకించి వెళ్ళాడట. పొద్దున ఒక ఆడపిల్ల కొత్తగా చేరింది, రెండు కిలోల మూడు వందలు. సాయంత్రం నుంచి చిక్కటి పాలు పడుతున్నారు. నర్సు ఏడవలేదు. నాకు చెప్పడం తన డ్యూటీ అన్నట్టు చెప్పింది.

అమ్మాయిని పక్కకు పిలిచాను. ఇరవై అయిదో తేదీ పొద్దున్నే రాస్తానన్నావు, తెల్లారితే ఇరవై అయిదు అన్నాను. ఒకటో తేదీకి గాని ఛార్జి తీసుకోను అంది. తీసుకున్న మొదటి రోజే నా పేపర్ తప్పని ఎలా రాస్తాను, మొన్ననే సంతకం నాది కాదన్నాను కదా అంది. ఒక్క నెల ఆగు అంది.

ఎప్పుడూ ఒక అంకె చెబుతుంది. ఈసారి ముప్పై.

జూన్ 25, ఉదయం 5 గంటలు

జరగవలసినవి.

1. అమ్మాయిని లేపాలి. అల్లుడు లేచినా ఫరవాలేదు. అతనికీ తెలియాలి.

2. ముఖం కడుక్కోవడానికి టైమివ్వాలి. మాట్లాడడానికి ఇవ్వకూడదు.

3. కారు అదే నడపాలి. ఎనిమిది గంటల పాలు కలపకముందే వార్డులో ఉండాలి.

4. మొదట పాప పాదం నొక్కి చూడాలి. నేను కాదు, అది.

5. చార్టు దాని చేత్తోనే దించాలి. నేను ముట్టుకోను.

6. నర్సు ఎదుట కాగితం రాసి సంతకం పెట్టాలి. ఈసారి అసలు సంతకం.

7. మిగతా నలభై రెండు కేంద్రాలకు ఆ వార్డులోంచే ఫోన్లు. నంబర్లు నేను చదువుతాను, మాట్లాడేది అది.

8. తర్వాత జర్నల్‌కు. దిద్దుబాటు కింద ఆ విద్యార్థి పేపర్‌ను ఉదహరించాలి.

9. రానంటే ఏం చేయాలో ఇక్కడ రాయను. రాస్తే, రాకపోవడం కూడా ఒక దారే అవుతుంది.